డకోటా గడ్డినేలలో దొరికిన సముద్రపు తాబేలు

అమెరికా వెళ్ళివచ్చిన మన బరంపురం వాళ్ళని ఏం చూశారని అడిగితే నయాగరా అంటారు, వాషింగ్టన్ అంటారు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి అంటారు. 2024 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ అవన్నీ చూశాను. వాటి గురించి ఎంతోమంది రాశారు కనుక మళ్ళీ రాసి పాఠకులకు విసుగు పుట్టించను. నేను చెప్పబోయేది ఒక తాబేలు సంగతి. బతికున్న తాబేలు కాదు, సుమారు ఏడున్నర కోట్ల ఏళ్ళ కిందట చచ్చిపోయిన సముద్రపు తాబేలు. దాని ఎముకల గూడు కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ హేవెన్ అనే ఊళ్ళో, యేల్ విశ్వవిద్యాలయం వారి పీబాడీ మ్యూజియంలో ఉంది.

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల్లో న్యూ హేవెన్ చేరుకోవచ్చు. దారి పొడుగునా కుడివైపు అప్పుడప్పుడూ సముద్రం కనిపిస్తూ ఉంటుంది. ఊరు మరీ పెద్దది కాదు. ఊరంతా విశ్వవిద్యాలయమే అన్నట్టు ఎటు చూసినా రాతి భవనాలు, గంట గోపురాలు. మద్రాసు పాఠకులకు యేల్ అనే పేరు కొత్తది కాదనుకుంటాను. సెయింట్ జార్జి కోటకు 1687 నుంచి 1692 దాకా గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ దొర ఈయనే. మద్రాసులో ఉండగా బాగా గడించి, అవినీతి ఆరోపణల మీద పదవి పోగొట్టుకుని, ఇంగ్లండు చేరుకున్న మనిషి. 1718లో ఆయన ఈ కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, జార్జి రాజుగారి చిత్రపటం ఒకటి పంపించాడు. ఆ మూటలు అమ్మగా 562 పౌండ్లు వచ్చాయి. ఆ కృతజ్ఞతతో కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అంటే మన కోరమండల్ తీరంలో కూడబెట్టిన డబ్బుకీ ఆ విశ్వవిద్యాలయం పేరుకీ సంబంధం ఉందన్నమాట. ఆ సంగతి తలుచుకుంటూ లోపలికి అడుగుపెట్టాను.

మ్యూజియం 1866లో మొదలైంది. జార్జి పీబాడీ అనే ధనవంతుడు లక్షా యాభై వేల డాలర్లు విరాళమిచ్చాడు. ఆయన మేనల్లుడు మార్ష్ అనే పండితుడు రాక్షసబల్లుల ఎముకలు తవ్వించడంలో ప్రపంచంలోనే పేరు మోసినవాడు. ఇప్పుడున్న భవనం 1925 నాటిది. 2020లో మూసి, బాగా మరమ్మతులు చేసి, 2024 మార్చిలో మళ్ళీ తెరిచారు. అప్పటినుంచి టిక్కెట్టు లేదు. మనవంటి వాళ్ళు డాలర్‌ని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవలసిన పని లేకుండా హాయిగా లోపలికి వెళ్ళవచ్చు.

రాక్షసబల్లుల హాలులో ఒక పక్క గోడ మీద 110 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు గల చిత్రం ఉంది. రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు నాలుగైదేళ్ళు కష్టపడి 1947లో పూర్తి చేశాడు. పాకే జంతువులు భూమిని ఏలిన కాలమంతా ఆ గోడ మీద వరుసగా నడిచిపోతూ ఉంటుంది. పిల్లలందరూ ఆ హాలులో పెద్ద బల్లుల వైపు పరుగెడతారు. నేను మాత్రం తాబేలు దగ్గర ఆగిపోయాను.

దాని పేరు ఆర్కెలాన్. మొదటిసారి దొరికిన ఆర్కెలాన్ ఇదే. శాస్త్రజ్ఞులు ఈ జాతికి పేరు పెట్టింది ఈ ఎముకలనే చూసి. ముక్కు నుంచి తోక దాకా సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండు అడుగులకు పైమాటే. మన ఇళ్ళల్లో ఒక మాదిరి పడకగది గోడ నుంచి గోడ దాకా అదే ఉంటుంది. దీని పక్కన ఒక మనిషి నిలబడి తీయించుకున్న పాత ఫోటో చాలా పుస్తకాల్లో అచ్చయింది. అందులో మనిషి దాని ముందు పసివాడిలా కనిపిస్తాడు. ముందు కాళ్ళు పడవ తెడ్లలాగా చాపుకుని ఉంటాయి. మూతి గద్ద ముక్కులా కిందికి వంగి ఉంటుంది.

మనకి తాబేలంటే గట్టి డిప్ప. దెబ్బ తగిలితే తల, కాళ్ళు లోపలికి ముడుచుకునే జంతువు. భగవద్గీత చదివే ఇళ్ళల్లో స్థితప్రజ్ఞుడికి పోలికగా చెప్పుకునేది కూడా ఆ ముడుచుకోవడమే. ఈ ఆర్కెలాన్‌కి ఆ సదుపాయం లేదు. దీని వీపు మీద ఒకటే పలకగా అతుక్కున్న డిప్ప లేదు. పక్కటెముకలు ఇంటి కప్పు వాసాల్లాగా విడివిడిగా చాచుకుని ఉన్నాయి. వాటి మీద దళసరి తోలు కప్పి ఉండేదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. డిప్ప బరువు తగ్గడం వల్ల అంత పెద్ద ఒళ్ళు వేసుకుని సముద్రంలో తేలిగ్గా ఈదగలిగేది. కడుపు వైపు మాత్రం నక్షత్రాల్లాగా అంచులు పళ్ళు పళ్ళుగా ఉన్న పెద్ద ఎముక పలకలున్నాయి. సముద్రపు తాబేళ్ళు వేటికీ తల, కాళ్ళు లోపలికి ముడుచుకునే శక్తి లేదు. ఈదే తెడ్లు కావాలంటే దాక్కునే గూడు వదులుకోవాలి.

నేను ఇవన్నీ చదువుతూ ఉండగా పక్కనున్న మా మనవడు దాని వెనక భాగం చూస్తూ, "తాతయ్యా, దీనికో కాలు లేదేం?" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్ళు. అంతసేపు అక్కడ నిలబడి నేను ఆ వైపు చూడలేదు. నిజమే, కుడి వెనక కాలు మోకాలి కింద నుంచి లేదు. ఎక్కడో తవ్వకంలో పోయి ఉంటుందనుకున్నాను. అలా కాదట. దీన్ని కనుక్కున్న వీలాండ్ గారు ఎముకల్ని పరిశీలించి, తాబేలు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఏదో జలచరం ఆ కాలు కొరికేసిందని, గాయం మానిపోయి తర్వాత అది పెరిగి పెద్దదైందని తేల్చారు. ఆ సముద్రంలో పెద్ద సొరచేపలున్నాయి, మోససార్లనే మొసలి నోటి పెద్ద జలబల్లులున్నాయి. కొరికింది ఎవరైతేనేం, తాబేలు చావలేదు. మూడు కాళ్ళతో ఈదుకుంటూ, తిండి వెతుక్కుంటూ, పదకొండు అడుగులు పెరిగింది.

ఆ మాట చెబితే మా వాడు, "అయితే ఇది చాలా గట్టిది తాతయ్యా" అన్నాడు. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా అదే. ఆర్కెలాన్ ఇస్కైరోస్ అన్న జంట పేరులో రెండో మాటకి గ్రీకు భాషలో బలశాలి అని అర్థం.

ఇంతకీ ఈ సముద్రపు తాబేలు దొరికింది సముద్రం దగ్గర కాదు. న్యూ హేవెన్‌కి సుమారు 2,500 కిలోమీటర్ల దూరాన, అమెరికా ఖండం నడిబొడ్డున ఉన్న దక్షిణ డకోటా రాష్ట్రంలో దొరికింది. అటు చూసినా ఇటు చూసినా వెయ్యి మైళ్ళ దాకా సముద్రం లేని గడ్డినేల అది. 1895లో జార్జి వీలాండ్ అనే ముప్ఫై ఏళ్ళ యువకుడు అక్కడ షయాన్ నది దక్షిణపు పాయ వెంట తిరుగుతూ, నది కోసుకుపోయిన నల్లటి మట్టిరాయిలో ఈ ఎముకలు చూశాడు. మరుసటి సంవత్సరం 1896లో కొత్త జాతి అని ప్రకటించాడు. అప్పుడు దొరికిన గూటిలో తల లేదు. తర్వాత ఆ చుట్టుపక్కలే దొరికిన ఇంకో తాబేలు పుర్రెను 1900లో వర్ణించాడు. మ్యూజియంలో ఎముకలన్నీ కూర్చి నిలబెట్టింది 1907లో.

సముద్రం లేనిచోటికి సముద్రపు తాబేలు ఎలా వచ్చింది? తాబేలు ఎక్కడికీ రాలేదు, సముద్రమే అక్కడినుంచి వెళ్ళిపోయింది. సుమారు పది కోట్ల ఏళ్ళ కిందట మొదలుకొని మూడు కోట్ల ఏళ్ళకు పైగా, ఉత్తర అమెరికా మధ్యలో ఉత్తరాన ఆర్కిటిక్ నుంచి దక్షిణాన మెక్సికో సింధుశాఖ దాకా ఒక సముద్రం పరుచుకుని ఉండేది. ఖండాన్ని అది రెండు ముక్కలుగా చీల్చింది. వెడల్పు కొన్నిచోట్ల దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దాని అడుగున పేరుకున్న బురదే గట్టిపడి, వీలాండ్ తవ్విన ఆ నల్లటి రాయి అయింది. రాకీ పర్వతాలు పైకి లేవడంతో నేల ఎత్తయింది, నీళ్ళు మెల్లమెల్లగా వెనక్కి తగ్గాయి. ఇవాళ ఆ సముద్రగర్భం మీద పశువులు మేస్తున్నాయి.

ఆ రోజుల్లో మన దేశం ఎక్కడుందో తెలుసా? ఆసియాకి ఇంకా అతుక్కోలేదు. నాలుగు వైపులా నీళ్ళతో, ఒక పెద్ద ద్వీపంలాగా ఉత్తరానికి జరుగుతూ ఉంది. తమిళనాడులో అరియలూరు చుట్టుపక్కల నేలలు అప్పట్లో సముద్రం కింద ఉండేవి. అక్కడి సున్నపురాతి గనుల్లో ఇప్పటికీ నత్త చుట్టలాంటి అమ్మొనైట్లు దొరుకుతాయి. డకోటాలో ఆర్కెలాన్ ఎముకలున్న రాతిపొరల్లో కూడా అమ్మొనైట్లు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఆ పక్కనున్న మన పాఠకులెవరైనా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళితే, అమెరికా దాకా పోకుండానే ఆ కాలపు సముద్రాన్ని చేత్తో తాకి చూడవచ్చు.

యేల్ తాబేలే ఇంత అనుకుంటే, ఇంతకన్నా పెద్దది వియన్నాలో ఉంది. అదీ దక్షిణ డకోటాలోనే 1970లలో దొరికింది. ఇప్పుడు వియన్నా ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో చూడవచ్చు. పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు. బతికి ఉన్నప్పుడు రెండు టన్నుల పైన తూగేదని అంచనా. అంటే ఇంచుమించు రెండు పాత అంబాసిడర్ కార్ల బరువు. ఈ కాలంలో బతికున్న తాబేళ్ళన్నిటిలో పెద్దది లెదర్‌బ్యాక్, అంటే తోలు వీపు తాబేలు. అందులో రికార్డు 1988లో వేల్స్ దేశపు ఒడ్డుకు కొట్టుకొచ్చినది, 916 కిలోలు. ఆర్కెలాన్ ముందు అదీ పిల్లే. ఇంకా విచిత్రం, లెదర్‌బ్యాక్ వీపు కూడా తోలే. ఆర్కెలాన్‌కి ఇది సొంత మనవరాలు కాదు, వేరే శాఖది. అయినా సముద్రపు బతుకు రెండింటికీ ఒకే రకం వీపునిచ్చింది.

మరి ఇంత బలశాలి ఏమైపోయింది? మనవడు అడిగింది కూడా అదే. ఆ సముద్రం తగ్గుతూ వచ్చింది, నీళ్ళు చల్లబడుతూ వచ్చాయి. తిరిగే నీళ్ళు, మేత, గుడ్లు పెట్టే ఇసుక ఒడ్డు అన్నీ మారిపోయాయి. ఆర్కెలాన్ ఎముకలు అంతటా దొరకవు. డకోటా, ఆ చుట్టుపక్కల రాతిపొరల్లోనే దొరుకుతాయి. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందట ఉల్క వచ్చి పడి రాక్షసబల్లులు అంతరించేనాటికే ఆర్కెలాన్ కనిపించడం మానేసింది. సొరచేప కొరికినా బతికిన తాబేలు జాతి, కాళ్ళకింది సముద్రం జరిగిపోతే నిలవలేకపోయింది. ఒంట్లో బలం ఒక జంతువుని కాపాడుతుందేమో గాని, ఒక జాతి నిలవాలంటే అది బతికే చోటు కూడా నిలవాలి.

వీలాండ్ గారి కథ ఇంకొంచెం ఉంది. అదీ ఆ డకోటాలో జరిగిందే. తాబేళ్ళ తర్వాత ఆయన మనసు శిలలైపోయిన మొక్కల మీదకి మళ్ళింది. మన తోటల్లో పెంచే సైకస్ మొక్కల్ని పోలిన చెట్ల మోళ్ళు, పూల గుర్తులతో సహా రాళ్ళుగా మారినవి, ఆ రాష్ట్రంలో మిన్నెకాటా అనే చోట వందల కొద్దీ పడి ఉండేవి. ఆయన యేల్ కోసం చాలా ఏరి తెచ్చుకున్నాడు. తర్వాత ఆ స్థలం పాడైపోతుందని బెంగ పెట్టుకుని, 1920లో 320 ఎకరాలు తన పేర రాయించుకుని ప్రభుత్వానికి ఇస్తానన్నాడు. 1922లో దాన్ని జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. ప్రకటన అయితే వచ్చింది గాని కాపలా రాలేదు. వచ్చినవాళ్ళు తలో రాయి జేబులో వేసుకుపోయారు. పైకి కనిపించే రాయి ఒక్కటి కూడా మిగలలేదు. చూడడానికి ఏమీ లేని చోటికి స్మారకం ఎందుకని 1957లో ప్రభుత్వమే ఆ పేరు రద్దు చేసింది. కోట్ల ఏళ్ళు భూమి దాచిపెట్టినది కొన్ని దశాబ్దాల్లో జేబుల్లో వెళ్ళిపోయింది. తీసుకున్న ప్రతివాడూ ఒక్కటే కదా అనుకుని ఉంటాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన ఋషికుల్య గుర్తుకొచ్చింది. బరంపురానికి గంట ప్రయాణంలో, గంజాం దగ్గర నది సముద్రంలో కలిసే చోట ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇంతలేసి తాబేళ్ళు కావవి. రెండడుగుల పొడవు, నలభై కిలోల లోపూ పైనా బరువు. ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇంత పెద్ద ఎత్తున అక్కడ గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1994లోనే. ఒడ్డునున్న జాలరులకి మాత్రం అది ముందే తెలుసు. వాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళే. ఒడియావాళ్ళు నోలియాలంటారు. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్ళు ఆ ఒడ్డుకు వచ్చాయని లెక్క కట్టారు. కొన్ని సంవత్సరాలు అసలు మూకుమ్మడిగా రాకుండానే గడిచిపోయాయి.

తాబేళ్ళ జాతి రాక్షసబల్లుల్ని చూసింది, వాటి చావునీ చూసింది. ఆర్కెలాన్ పోయింది, ఇవి మిగిలాయి. ఇప్పుడు వీటిని కొరికేది మోససార్ కాదు, ట్రాలర్ వల. తాబేలు నీళ్ళలో ఉంటుంది గాని గాలి పీల్చే జంతువు. పైకి రానివ్వకుండా వల పట్టుకుంటే ఊపిరాడక చస్తుంది. అందుకే నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధించారు. ఆ ఏడు నెలలూ పొయ్యి వెలగాల్సిన జాలరి ఇల్లు ఒక పక్క, ఊపిరి అందని తాబేలు ఒక పక్క. ఈ రెండింటిలో ఒకదాని పక్షాన్నే మాట్లాడడం పట్నంలో కూర్చున్నవాళ్ళకి తేలిక.

ఆ ఒడ్డునే పొడంపేట అనే జాలరి పల్లె ఉండేది. సముద్రం కోతకు ఇళ్ళు కూలిపోయి, జనం లోపలికి తరలిపోవలసి వచ్చింది. డకోటాలో సముద్రం వెనక్కి పోయింది, ఇక్కడ ముందుకొస్తోంది. ఒడ్డు జరిగితే మనిషీ తాబేలూ ఇద్దరూ చోటు వెతుక్కోవలసినవాళ్ళే. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రవాళ్ళు గుడ్లు పగిలే రోజుల్లో రాత్రిళ్ళు మేలుకుని కాపలా కాస్తారు. పిల్లలు ఇసుకలోంచి బయటికి రాగానే వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు పాకుతాయి. వెనకటి రోజుల్లో ఆ వెలుతురు సముద్రం వైపే ఉండేది. ఇప్పుడు ఊళ్ళ దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు చూసి దారి తప్పుతాయి. కుర్రవాళ్ళు వాటిని ఏరి, బుట్టల్లో, బకెట్లలో వేసి నీళ్ళ అంచున వదిలిపెడతారు. వీలాండ్ గారి స్మారకానికి దొరకని కాపలా ఇదే.

మన శ్రీకాకుళం పక్కన శ్రీకూర్మంలో తాబేటి రూపంలో ఉన్న దేవుణ్ణి కొలుచుకుంటాం. అక్కడికి వెళ్ళే మన కుటుంబాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వీలు చూసుకుని ఋషికుల్యకి కూడా వెళ్ళిరావచ్చు. టార్చిలైటు వెయ్యకండి, ఫ్లాష్‌తో ఫోటోలు తియ్యకండి, అటవీశాఖ వారు గీసిన హద్దు దాటకండి. గుడ్డు కాదు గదా, పగిలిన పెంకు కూడా జ్ఞాపకంగా తెచ్చుకోకండి. అమెరికాలో పిల్లలున్నవారు ఎప్పుడైనా వెళితే న్యూ హేవెన్‌లో ఒక పూట గడపండి. మూడు కాళ్ళ తాబేలు అక్కడే ఉంటుంది. మనవలు వెంట ఉంటే మరీ మంచిది. వెనక కాలు వైపు చూడమని వాళ్ళకి చెప్పండి.